కుట్టుమిషను చక్రము: మన సంఘ స్త్రీల జీవనోపాధి చరిత్రలో ఒక అధ్యాయము

మిషను అనే మాటకు మన తెలుగు సంఘములలో రెండు అర్థములున్నాయి. ఒకటి మిషనరీలు స్థాపించిన మిషను. రెండవది ఇంటి వరండాలో కిటికీ పక్కన ఉండే కుట్టుమిషను. మొదటిదాని చరిత్రను ఇటువంటి శతవత్సర సంచికలలో అనేకులు వ్రాస్తారు. బిషప్పుల సేవ, దేవాలయముల నిర్మాణము, పాఠశాలలు, ఆసుపత్రులు అందులో చోటు చేసుకుంటాయి. అవి వ్రాయవలసినవే. రెండవదానిని గురించి వ్రాసినవారు అరుదు. అయినను మన సంఘములలో ఎన్నో కుటుంబములకు అన్నము పెట్టినది, ఎందరో పిల్లలకు ఫీజులు కట్టినది ఆ రెండవ మిషనే.

ఆ మిషనును గురించి, ముఖ్యముగా దాని చక్రముతో నడిచే, అవసరము తీరగానే విప్పి పక్కన పెట్టదగిన చిన్న పరికరములను గురించి కొన్ని సంగతులు విన్నవించదలచాము. ఇంత చిన్న విషయమునకు ఇంత పెద్ద సంచికలో స్థానమెందుకని కొందరు అడుగవచ్చును. మన స్త్రీలకు మనము ఏమి ఇచ్చాము, ఏమి ఇవ్వకుండా ఆగిపోయాము అన్న ప్రశ్నకు సమాధానము ఈ చిన్న పరికరములలో దొరుకుతుందని మా నమ్మకము.

బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల

విజయవాడలో బెంజ్ సర్కిల్ ఎరుగనివారు లేరు. చెన్నై నుండి కోల్‌కతా పోయే రహదారి, హైదరాబాదు నుండి మచిలీపట్నము పోయే రహదారి అక్కడ కలుస్తాయి. వాటికి ఇప్పుడు 16, 65 నంబర్లు వచ్చినా, పెద్దలకు అవి 5వ నంబరు, 9వ నంబరు రోడ్లుగానే గుర్తు. 2020లో అక్కడ ఫ్లైఓవరు ప్రారంభమైనది. అక్కడికి దగ్గరలోనే ఆటోనగరు ఉన్నది. లారీల బాడీలు కట్టేవారు, ఇంజన్లు విప్పి బిగించేవారు, లేతు పనివారు వేల సంఖ్యలో అక్కడ జీవిస్తున్నారు. ఒక యంత్రము భాగమును మరొక యంత్రమునకు అమర్చి పని జరిపించుకోవడము వారికి నిత్యకృత్యము.

అటు పటమట వైపు సందులలోకి పోతే దర్జీ దుకాణములు కనబడతాయి. అక్కడి పాత మిషనులను నిదానముగా గమనిస్తే ఒక విశేషము తెలుస్తుంది. ఇనుప స్టాండు, కాలితో తొక్కే పలక, కింది పెద్ద చక్రము అన్నీ పూర్వము ఉన్నట్లే ఉంటాయి. పైన మిషను వెనుక భాగములో మాత్రము పిడికిలి కంటె కొంచెము పెద్దదైన మోటారు ఒకటి బిగించి ఉంటుంది. దానిని ఒక స్క్రూ విప్పి తీసివేయవచ్చును. కరెంటు ఉన్నంతసేపు మోటారు, కరెంటు పోతే తోలు బెల్టు ఎక్కించి కాలితొక్కుడు. ఎండాకాలములో కరెంటు కోతలు అనుభవించిన దర్జీ ఎవరూ కింది చక్రమును పారవేయలేదు.

చక్రము చేసే పని

కాలితో తొక్కే పలక ఒక కడ్డీ ద్వారా కింది పెద్ద చక్రమును తిప్పుతుంది. ఆ చక్రము గాడిలో నుండి తోలు బెల్టు పైకి వచ్చి, మిషను కుడివైపు ఉన్న చిన్న చక్రమును తిప్పుతుంది. పెద్ద చక్రము ఒకసారి తిరిగితే చిన్నది నాలుగైదు సార్లు తిరుగుతుంది. చిన్న చక్రము ఒక్కొక్కసారి తిరిగినప్పుడు సూది ఒక్కొక్కసారి దిగి లేస్తుంది. అందువలన కాలు నెమ్మదిగా ఆడినా కుట్టు వేగముగా పడుతుంది.

ఇప్పుడు చిన్న చక్రము మధ్యలో ఉండే బిళ్లను చూడండి. దానిని ఎడమచేతితో కాని కుడిచేతితో కాని కొంచెము వదులు చేస్తే చక్రము తిరుగుతూనే ఉంటుంది, సూది మాత్రము ఆగిపోతుంది. ఆ సమయములో బాబిన్‌కు దారము చుట్టే చిన్న పరికరమును చక్రమునకు ఆనిస్తే, దాని రబ్బరు ఉంగరము చక్రముతో పాటు తిరిగి బాబిన్ నిండుతుంది. నిండగానే దానిని వెనుకకు నెట్టి, బిళ్ల బిగించి, మరల కుట్టుకోవచ్చును. కుట్టుమిషనులో సూది కాక వేరొక పనిముట్టును కూడా అదే చక్రముతో నడపవచ్చునని మొదట నేర్పేది ఈ చిన్న పరికరమే.

మరికొన్ని పరికరములు చక్రము నుండి కాక సూది కడ్డీ నుండి బలము తీసుకుంటాయి. ఫుట్ విప్పి ఆ స్థానములో వీటిని బిగిస్తారు. వీటికి ఉన్న చీలిక చేయి సూదిని పట్టే స్క్రూ మీద కూర్చుంటుంది. సూది దిగి లేచినప్పుడెల్లా ఆ చేయి ఆడుతుంది. గౌనులకు కుచ్చులు పెట్టే పరికరము, కాజాలు కుట్టే పరికరము ఈ జాతికి చెందినవి. 1889లో అమెరికాలో పేటెంటు పొందిన ఒక మడతపెట్టె సింగర్ మిషనులతో వచ్చేది. అంచు మడిచేవి, కుచ్చులు పెట్టేవి, మడతలు వేసేవి అందులో వరుసగా అమర్చి ఉండేవి. మిషను ఒక్కటే, పెట్టెలోని పరికరమును బట్టి పని మారేది.

ఈ ఆలోచన ఎక్కడిది?

ఒక చక్రము బలముతో మరొక పనిముట్టును నడపడము కుట్టుమిషనుతో పుట్టినది కాదు. మన రాట్నము అదే సూత్రము మీద నడుస్తుంది. పెద్ద చక్రము మీది దారము కదురును తిప్పుతుంది. 1790లో అమెరికాలో జాన్ గ్రీన్‌వుడ్ అనే దంతవైద్యుడు కాలితో తొక్కే రాట్నమునే మార్చి పళ్లను తొలిచే పనిముట్టును నడిపాడు. 1871లో జేమ్స్ మారిసన్ అనే మరొక దంతవైద్యుడు కాలితొక్కుడు దంతయంత్రమునకు పేటెంటు పొందాడు. కరెంటు రాకముందు లోకములో ఎన్నో చిన్న పనులు ఈ కాలి బలము మీదనే జరిగాయి.

మన వీధులలో కత్తులు, కత్తెరలు సాన పట్టేవారిని చూడండి. కొందరు చెక్క స్టాండుకు పలక, చక్రము, బెల్టు అమర్చుకుని సానరాయి తిప్పేవారు. మరికొందరు సైకిలుకు స్టాండు వేసి, వెనుక చక్రము నుండి బెల్టు తీసి సానరాయికి తగిలించేవారు. పని అయిపోగానే బెల్టు విప్పి అదే సైకిలు మీద తరువాతి వీధికి పోయేవారు. కుట్టుమిషను స్టాండుతో కూడా ఇటువంటి పని చేయవచ్చును. అయితే ఒక జాగ్రత్త అవసరము. సానరాయి పొడి మిషను లోపలి షటిలులో పడితే మిషను పాడవుతుంది. అందుచేత పై మిషనును తీసి పక్కన పెట్టి, కింది స్టాండు బలమును మాత్రమే వాడుకోవాలి. ఇంత చిన్న జాగ్రత్త చెప్పడానికి కూడా మిషను లోపల ఏమున్నదో ఒకరు నేర్పి ఉండాలి. ఈ మాటను మనస్సులో ఉంచుకుని ముందుకు సాగుదము.

కుట్టుమిషను మన దేశమునకు వచ్చిన విధము

1830లో ఫ్రాన్సు దేశములో తిమోన్యే అనే దర్జీ కుట్టుమిషనుకు పేటెంటు పొందాడు. మా కూడు పోతుందని భయపడిన పారిసు దర్జీలు అతని మిషనులను పగులగొట్టారు. 1846లో అమెరికాలో ఎలయాస్ హోవే, 1851లో ఐజాక్ సింగర్ తమ తమ మిషనులకు పేటెంట్లు తీసుకున్నారు. చేతితో తిప్పే పద్ధతికి బదులు కాలితో తొక్కే పద్ధతి వ్యాప్తిలోనికి వచ్చుట వలన కుట్టేవారికి రెండు చేతులూ బట్టను పట్టుకొనుటకు దొరికాయి. 1856 నుండి సింగర్ కంపెనీ వాయిదాల మీద మిషనులు అమ్మసాగినది. ఒక్కసారిగా సొమ్ము పెట్టలేని కుటుంబమునకు మిషను ఇంటికి వచ్చిన మార్గము అదే.

మన దేశములో సింగర్ వ్యాపారమును విస్తరింపజేసినవారు నస్సర్వాన్‌జీ మేర్వాన్‌జీ పటేల్ అనే పార్సీ. 1930లలో కలకత్తాలో జే ఇంజనీరింగ్ వర్క్స్‌వారు ఉషా మిషనులను తయారుచేయ నారంభించారు. అప్పటినుండి స్వదేశీ మిషను మన ఇళ్లలోనికి వచ్చినది.

ఇక్కడ బెజవాడ చరిత్రలోని ఒక ఘట్టము జ్ఞాపకము చేసుకోవాలి. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ బెజవాడలో సమావేశమై, ఆ సంవత్సరము జూన్ 30 లోగా దేశములో 20 లక్షల రాట్నములు తిరగాలని తీర్మానించినది. యంత్రములను అంతగా విమర్శించిన గాంధీగారు 1924లో జి. రామచంద్రన్ అడిగిన ప్రశ్నకు జవాబిస్తూ సింగర్ కుట్టుమిషనును మాత్రము మినహాయించారు. మనిషిని పనిలేనివానిగా చేసే యంత్రము వేరు, మనిషి చేతికి లోబడి అతని శ్రమను తగ్గించే యంత్రము వేరు అన్నది ఆయన ఆలోచన. కాలితో తిరిగే చక్రము ఇంటిలో ఉంటుంది, ఇంటివారి చేతిలో ఉంటుంది. రాట్నమునకు, కుట్టుమిషనుకు ఉన్న చుట్టరికము ఇదే.

మన సంఘములు, చేతి పనులు

1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే చర్చి మిషనరీ సొసైటీ సేవకులు మచిలీపట్నమునకు వచ్చారు. 1859లో రాఘవాపురమునకు చెందిన పాగోలు వెంకయ్యగారు డార్లింగ్ దొరగారి చేత బాప్తిస్మము పొందిన తరువాత కృష్ణా మండలములో సువార్త గ్రామ గ్రామమునకు వ్యాపించినది. ఆ విధముగా సంఘములో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబములవారు. వారికి సొంత భూమి లేదు. కూలి దొరికిన రోజున అన్నము, దొరకని రోజున పస్తు.

అయితే వారు చేతిపని ఎరుగనివారని అనుకొనుట పొరపాటు. మాలపల్లెలలో ముతక బట్ట నేసేవారు ఉండేవారు. మాదిగపల్లెలలో తోలు పదును చేసి, ఆరెతో చెప్పులు, మోట తోండములు కుట్టేవారు ఉండేవారు. సీమ మిల్లుల బట్ట వచ్చి ముతక నేతను దెబ్బతీసినది. పంపులు వచ్చి మోటను మూలకు నెట్టినవి. పని పోయిన చేతులకు వేరొక పని చూపవలసిన భారము సంఘము మీద పడినది.

మిషను బాలికల పాఠశాలలలో చదువుతోపాటు కుట్టుపని నేర్పుట మొదటినుండి ఆచారము. అందుకు వాక్యాధారము కూడా దూరము వెదుకనక్కరలేదు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు చూపించినవి ఆమె కుట్టిన బట్టలే. ఆమె పేరున నేటికీ మన సంఘములలో స్త్రీల సమాజములున్నాయి. అదే గ్రంథము 18వ అధ్యాయములో అకుల, ప్రిస్కిల్ల దంపతులు ఇద్దరూ డేరాలు కుట్టే వృత్తిలో ఉన్నారు. వారితో కలిసి పౌలు పని చేశాడు. నిర్గమకాండము 35వ అధ్యాయములో బెసలేలు, అహోలీయాబులకు దేవుడు పని నైపుణ్యముతోపాటు ఇతరులకు నేర్పే బుద్ధిని కూడా ఇచ్చినట్లు చదువుతాము. ఈ చివరి మాట మన ప్రస్తుత విషయమునకు మిక్కిలి ముఖ్యము.

నర్సాపురము లేసు చెప్పే పాఠము

గోదావరి డెల్టాలోని నర్సాపురము లేసు పని ప్రపంచ ప్రసిద్ధి చెందినది. 1836లో బౌడెన్, బీర్ అనే సువార్తికులు ఆ ప్రాంతమునకు వచ్చారు. ఆ శతాబ్దములోనే మిషనరీల ద్వారా లేసు అల్లిక అక్కడి పేద స్త్రీలకు అందినది. కొక్కెము వంటి సన్నని సూది, దారము, రెండు చేతులు ఉంటే చాలు. ఇంటి గడప దాటకుండ పని చేసుకోవచ్చును. ఆ లేసు సముద్రములు దాటిపోయినది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. ఇందుకు మనమందరము సంతోషించవలసినదే.

కాని 1982లో మరియా మీస్ అనే జర్మను విదుషీమణి ఈ లేసు స్త్రీలను గురించి ప్రకటించిన గ్రంథము మనలను ఆలోచింపజేస్తుంది. వారిని శ్రామికులుగా కాక, తీరిక వేళలో అల్లుకునే గృహిణులుగా లెక్కించుట వలననే వారికి అతి తక్కువ కూలి దక్కినదని ఆమె చూపించారు. దారము ఇచ్చేది ఒకరు, అల్లేది ఒకరు, ఎగుమతి చేసి లాభము పొందేది మరొకరు. నేర్పినవారి ఉద్దేశము మంచిదే. అయినను అల్లే స్త్రీకి తన సరుకు ఎక్కడికి పోతున్నదో, ఎంతకు అమ్ముతున్నారో తెలియలేదు.

సొంత కుట్టుమిషను ఉన్న స్త్రీ పరిస్థితి దీనికంటె కొంత మేలు. పక్కింటివారి జాకెట్టుకు ఎంత తీసుకోవాలో ఆమె చెప్పగలదు. పండుగల ముందు రాత్రులు కూర్చుని నాలుగు డబ్బులు ఎక్కువ సంపాదించగలదు. కుచ్చులు పెట్టే పరికరము ఉంటే గౌనులు, కాజాలు కుట్టే పరికరము ఉంటే చొక్కాలు, మోటారు ఉంటే యూనిఫారములు. ఒక్కొక్క పరికరము ఆమెకు ఒక్కొక్క కొత్త గిరాకీని తెచ్చి పెడుతుంది. ఒక పని పోయినా మరొక పనికి మారవచ్చును. లేసు సూదికి లేని ఈ వెసులుబాటు చక్రమునకు ఉన్నది.

మనము ఇవ్వవలసినది

మన సంఘములలో కుట్టు శిక్షణ కేంద్రములు అనేకము నడిచాయి, నడుస్తున్నాయి. విధవరాండ్రకు, పేద స్త్రీలకు మిషనులు ఉచితముగా ఇచ్చిన సందర్భములు ఎన్నో ఉన్నాయి. దానము చేసినవారి ప్రేమను తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. కాని గృహదర్శనములకు వెళ్లినప్పుడు మూలన పడి ఉన్న మిషనులను, వాటి మీద దుప్పటి కప్పి పెట్టిన సామానును చూస్తూనే ఉన్నాము. ఎందుకమ్మా వాడుట లేదని అడిగితే, బెల్టు తెగిందండీ, కుట్టు జారుతోందండీ, మెకానిక్కు రాలేదండీ అనే జవాబులు వస్తాయి.

తోలు బెల్టు కాలక్రమమున సాగుతుంది. కొంచెము ముక్క కోసి, కొత్త రంధ్రము వేసి, తీగ కొక్కెము తిరిగి బిగిస్తే సరిపోతుంది. కుట్టు జారుటకు తరచుగా కారణము సూదిని తిరగవేసి పెట్టుటయో, సూది మొన అరిగిపోవుటయో అయి ఉంటుంది. అడుగున దారము ఉండలు కట్టితే పై దారము సరిగా ఎక్కించలేదన్నమాట. ఇవి అరగంటలో నేర్పదగిన సంగతులు. జాకెట్టు కత్తిరింపు ఆరు నెలలు నేర్పిన మనము ఈ అరగంట పాఠము నేర్పలేదు. కుట్టుట స్త్రీల పని, మిషను విప్పుట మగవారి పని అనే పాత అలవాటు మన శిక్షణ కేంద్రములలో కూడా చొరబడినది. చక్రము ఇచ్చాము, చక్రము సంగతి చెప్పలేదు.

2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన విశ్వకర్మ పథకములో 18 వృత్తులలో దర్జీ వృత్తి కూడా ఉన్నది. పనిముట్ల నిమిత్తము 15,000 రూపాయల వరకు సహాయము, శిక్షణ, తక్కువ వడ్డీకి అప్పు అందులో భాగములు. ఇటువంటి సహాయము మన స్త్రీలు అందుకొనుటకు పాస్టరేటు కమిటీలు తోడ్పడవచ్చును. అయితే మిషను ఎవరు ఇచ్చినా, దానితో పాటు జరగవలసిన పని మనదే.

ఈ శతవత్సర సందర్భమున మా మనవులు మూడు. మొదటిది, మిషను ఇచ్చినప్పుడు దానితో పాటు అదనపు బెల్టు, నూనె డబ్బా, స్క్రూడ్రైవరు, కాజాల పరికరము, కుచ్చుల పరికరము ఇవ్వాలి. కనీసము ఒక వారము మిషను విప్పి బిగించుట స్త్రీల చేతనే చేయించాలి. మోటారు బిగించుకున్నా కింది చక్రమును తీసివేయవద్దని చెప్పాలి. బాగా నేర్చుకున్న స్త్రీని తరువాతి తరగతికి ఉపదేశకురాలిగా నియమించాలి. రెండవది, మిషను ఆ స్త్రీ పేరుననే ఉండాలి. మూడవది, మన పాఠశాలల యూనిఫారములు, కొయిరు అంగీలు, ప్రభురాత్రి భోజనపు బల్ల వస్త్రములు బయటి దుకాణములకు ఇచ్చే ముందు మన సంఘ స్త్రీలకు ఇవ్వాలి. ఇచ్చినప్పుడు సేవ అనే పేరుతో ఉచితముగా కాక, బజారు ధర లెక్కకట్టి ఇవ్వాలి. నర్సాపురము స్త్రీల విషయములో లోకము చేసిన పొరపాటు దేవుని మందిరములో జరుగకూడదు.

1912లో దోర్నకల్ ప్రథమ బిషప్పుగా అభిషిక్తులైన అజరయ్యగారు పేద గ్రామ సంఘములు కూడా తమ కాళ్ల మీద తాము నిలువవలెనని, ప్రతి కుటుంబము క్రమముగా కానుక ఇవ్వవలెనని ఉపదేశించారు. వంటకు బియ్యము తీసే ప్రతిసారి పిడికెడు దేవునికని పక్కన పెట్టిన తల్లులు మన సంఘములను పోషించారు. ఆ పిడికెడు బియ్యము మీద కట్టిన మందిరములలో మనము నేడు ఆరాధించుచున్నాము. ఆ తల్లుల మనుమరాండ్రకు ఒక చక్రమును, దానిని విప్పి బిగించే విద్యను, వారి పనికి తగిన వెలను ఇచ్చుట దాతృత్వము కాదు, మనము తీర్చవలసిన ఋణము. రాబోయే నూరు సంవత్సరముల సంఘ చరిత్ర వ్రాసేవారికి ఆ ఋణము తీరినట్లు వ్రాసే భాగ్యము ప్రభువు అనుగ్రహించును గాక.